సత్యం బాబాయి చేపల చెరువులో నా ఈత

ఒక మనిషి పరువు పోవడానికి మామూలుగా కొన్నేళ్ళు పడుతుంది. దానికి ఓపిక కావాలి, పట్టుదల కావాలి, చుట్టుపక్కల వాళ్ళ సహకారం కూడా కొంత కావాలి. నాది మాత్రం ఒక ఆదివారం పొద్దున, టిఫిను వేళ దాటకముందే, చేపల చెరువులో, మైకు సాక్షిగా పోయింది. అంత తక్కువ దూరంలో అంత పరువు పోగొట్టుకున్నవాడు ఈ తాలూకాలో ఇంకొకడు లేడని మావాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఎంత తక్కువ దూరమో మీకే తెలుస్తుంది, కాస్త ఆగండి.

మాది కర్ణాటకలో, జవళగేర పక్కన ఒక క్యాంపు. క్యాంపు అంటే గుడారాలు ఊహించుకోకండి. తాతల కాలంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే అంటారు. ఇల్లు మేడ అయినా, మేడ మీద ఇంకో మేడ లేచినా క్యాంపు క్యాంపే. నాకు కొంత పొలం, ఒక ఎరువుల కొట్టు, ఒక భార్య, ఒక కూతురు. భార్య పేరు పద్మజ. కూతురు లహరి, అప్పుడు మూడో తరగతి. వీటన్నిటితో పాటు నాకు ఒక నమ్మకం కూడా ఉండేది. నేను గజఈతగాణ్ణని.

ఈ నమ్మకం ఊరికే రాలేదు, సాధనతో వచ్చింది. రోజూ పొద్దున్నే మా పొలం దగ్గర వంతెన మీంచి కాలువలో దూకేవాణ్ణి. చేతులు బార్లా చాచి, కాళ్ళు టపటపా కొట్టి, కింది వంతెన దగ్గర తేలేవాణ్ణి. అక్కడ వేలాడే ఇనప గొలుసు పట్టుకుని గట్టెక్కేవాణ్ణి. పద్మజ నా బట్టలు స్కూటీలో పెట్టుకుని గట్టు వెంట వచ్చేది. ఆ గట్టు మీద గోతులు ఎక్కువ, మధ్యలో గేదెలు ఎదురొస్తాయి. అందువల్ల చాలా రోజులు ఆవిడకంటే నేనే ముందు చేరేవాణ్ణి.

"చూశావా? స్కూటీని కొట్టాను" అనేవాణ్ణి, తల తుడుచుకుంటూ.

"కొట్టారు. ఎక్కండి, దోసెలపిండి బయటే పెట్టి వచ్చాను" అనేది పద్మజ. ఆవిడకు క్రీడల పట్ల గౌరవం తక్కువ.

ఒకరోజు కుతూహలం కొద్దీ నా వేగాన్ని లెక్కగట్టి, ఫోన్లో పెద్ద పెద్ద ఈతగాళ్ళ వేగంతో పోల్చి చూశాను. మేము ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నాం. వాళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని సాధన చేస్తారట, పథ్యం తిండి తింటారట. నేను ముందురోజు రాత్రి ముద్దపప్పు, ఆవకాయ తిని వచ్చాను. ప్రతిభ అనేది ఎక్కడ పుడుతుందో ఎవరూ చెప్పలేరు కదా అని సరిపెట్టుకున్నాను. ఇంకెవరికీ చెప్పుకోలేదు, లహరికి తప్ప.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ పిల్ల వెళ్ళి బడిలో చెప్పింది.

"మా నాన్న నీళ్ళలో స్కూటీ కంటే స్పీడు" అందట. వాళ్ళ తరగతిలో శిల్ప అని ఒక పిల్ల ఉంది. పెద్దయ్యాక జడ్జి అయ్యే లక్షణాలు ఆ పిల్లలో అప్పటికే కనిపించేవి. ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని "సుళ్ళు" అందట. సుళ్ళు అంటే కన్నడంలో అబద్ధం. వెంటనే తరగతి మొత్తం "సుళ్ళు! సుళ్ళు!" అని బల్లలు బాదిందట. ఆ రోజు నుంచి లహరి పక్కన కూర్చునే పిల్ల కూడా లేచి వేరే బల్లకు మారిపోయింది. అబద్ధాలకోరు పక్కన కూర్చుంటే పరీక్షలో మార్కులు తగ్గుతాయని శిల్ప తీర్పు చెప్పిందట.

లహరి ఇంటికొచ్చి అన్నం ముట్టుకోలేదు.

"నాన్నా, నువ్వు స్కూటీ కంటే స్పీడేగా?"

"అనుమానమా? అమ్మనడుగు."

లహరి వాళ్ళమ్మ వైపు చూసింది.

"కాలవలో అయితే స్పీడేనమ్మా" అంది పద్మజ.

ఆ "కాలవలో అయితే" అన్న ముక్కను నేను అప్పుడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు.

సరిగ్గా అదే వారం బడిలో వ్యాయామం నేర్పే శరణప్ప మాస్టారు మా కొట్టుకొచ్చారు. ఆయన కబడ్డీ మనిషి. కబడ్డీ తప్ప ఇంకో ఆట ఆయనకు తెలియదు. ఎక్కడో ఫోన్లో ట్రయాథ్లాన్ చూశారట. ఆ రాత్రి నిద్ర పట్టలేదట.

"ఏం మస్తుగుంది సార్ ఆట! ఫస్టు ఈత, వెనక సైకిలు, వెనక ఉరుకుడు. మన దిక్కు ఎవ్వరూ పెట్టలే. మనమే పెడ్దాం. ఫ్యామిలీ ట్రయాథ్లాన్! అమ్మ, నాయిన, పిల్ల, ముగ్గురూ కలిసి చెయ్యాలె."

"రూల్సేంటి మాస్టారూ?"

"ముగ్గురూ దాటితేనే దాటినట్టు. ఈతల కాలు నేలకు తాకిందా, అవుట్. బయటి మనిషి చెయ్యి పడిందా, అవుట్. ఒక్కరు అవుటైతే ముగ్గురూ అవుట్. మూడూ పూర్తి చేసిన ఫ్యామిలీకి మెడళ్ళు."

ఈ రూల్సు ప్రపంచంలో ఏ ట్రయాథ్లాన్‌లోనూ లేవని, సగం కబడ్డీ నుంచి, మిగతా సగం మాస్టారి మనసులోంచి వచ్చాయని నాకు తర్వాత తెలిసింది. కానీ ఆ క్షణంలో నాకు వినిపించింది ఒకటే మాట, ఈత.

"కాలవలోనేగా?"

"అబ్బే, కాల్వల వద్దు సార్. పిల్లలుంటరు, నీళ్ళు గుంజుకపోతయ్. సత్యంరాజుగారి చేపల చెరువు అడిగిన. నడుం లోతు దాటి కొంచెం ఉంటది, ఫికర్ లేదు."

నేను నవ్వాను. సత్యం బాబాయి చెరువు నాకు తెలియనిదా? నలుపలకలుగా తవ్వి, చుట్టూ గట్టుపోసి, బొచ్చెలు, శీలావతులు పెంచుతాడాయన. గాలికి కూడా చలించని నీళ్ళు. గర్జించే కాలువను రోజూ జయించేవాడికి ఆ చెరువు ఒక లెక్కా? పద్మజ, లహరి మొన్న వేసవిలో రాయచూరులో అమ్మమ్మగారింట్లో ఉన్నప్పుడు ఏదో కొలనులో డబ్బు కట్టి ఈత నేర్చుకుని వచ్చారు. లహరి పిల్లల జట్టులో, పద్మజ ఆడవాళ్ళ జట్టులో. అప్పుడూ నేను ఇలాగే నవ్వాను. "కదలని నీళ్ళలో ఈదడం కూడా ఈతేనా? తొట్టిలో కాళ్ళు కడుక్కోవడంతో సమానం" అన్నాను. ఆ మాట పద్మజ మరిచిపోయి ఉంటుందని కొన్నాళ్ళు నమ్మాను.

"మా ముగ్గురి పేర్లూ రాసుకోండి మాస్టారూ" అన్నాను. సాయంత్రం లహరికి చెబితే ఎగిరి గంతేసింది.

"శిల్పని పిలవనా నాన్నా?"

"శిల్పనేంటి, మీ క్లాసంతా రమ్మను."

ఆదివారం నాటికి క్లాసంతా వచ్చింది. తల్లులు, తండ్రులు, చంకలో చిన్న పిల్లలు, మిరపకాయ బజ్జీల బండి కూడా వచ్చింది. చెరువు ఒక గట్టు మీద ఎర్ర జెండా. అక్కడ దూకాలి. ఎదుటి గట్టు మీద పచ్చ జెండా. అక్కడ తేలాలి. పచ్చ జెండా దగ్గర ముందు వరసలో శిల్ప, నడుం మీద చేతులు. సత్యం బాబాయి తెల్ల లుంగీ కట్టుకుని గట్టంతా తిరుగుతూ, పోటీదారులందరికీ ఒకటే మాట చెప్పాడు.

"నెమ్మదిగా ఈదండి నాయనా. చేపలు బెదిరితే మేత తినవు."

మేత పడవ మీద హనుమంతు కూర్చున్నాడు. రోజూ తవుడు బస్తాలు మోసుకుపోయి చేపలకు వేసే మనిషి. ఈ రోజు ఎవరైనా మునిగితే తీయడం అతని పని. పిల్లలందరికీ తేలే జాకెట్లు తొడిగారు. పెద్దవాళ్ళక్కూడా ఇస్తున్నారు. పద్మజ తీసుకుంది. హనుమంతు నాకూ ఒకటి చాపాడు.

"వేసుకోండ్రి సార్."

"నాకెందుకయ్యా?"

"ఎందుకైనా మంచిది సార్."

"హనుమంతూ, నేను కాలవలో ఈదేవాణ్ణి."

అతను ఆ జాకెట్టు పడవలోనే తన పక్కన పెట్టుకున్నాడు. మిగతా వాటిలో పడేయకుండా ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఈల మోగింది. అందరం దూకాం.

నా దూకుడు గురించి చెప్పాలి. అది అద్భుతంగా ఉంది. దాని గురించి ఈ రోజుకీ ఎవరూ చెడుగా చెప్పలేదు. గాల్లో విల్లులా వంగి, నీళ్ళను చీల్చుకుని లోపలికి వెళ్ళి, పైకి తేలి, ఇక మొదలుపెట్టాను. బారకు బార. టపటపా కాళ్ళు. మొహం నీళ్ళలో. కళ్ళు మూసుకుని. కాలువలో కూడా నేను కళ్ళు మూసుకునే ఈదుతాను. తెరిచే అవసరం ఎప్పుడూ రాలేదు, కింది వంతెన దానంతట అదే వస్తుంది.

కాసేపటికి రొప్పు వచ్చింది. చెరువు సగం దాటి ఉంటానని లెక్క వేసుకున్నాను. ఇంకాసేపు కొట్టాను. ఇప్పుడు పచ్చ జెండా దగ్గర పడి ఉంటుంది. శిల్ప మొహం ఎలా ఉందో చూద్దామని, గెలిచినవాడికి ఉండాల్సిన చిరునవ్వొకటి తగిలించుకుని తలెత్తాను.

ఎదురుగా హనుమంతు. అదే పడవ. అదే బీడీ. నేను దూకినప్పటికీ ఇప్పటికీ బీడీ మాత్రమే కాస్త ముందుకెళ్ళింది.

"ఏంది సార్, మర్లొచ్చిండ్రా?" అన్నాడు హనుమంతు, అభిమానంగా.

నేను వెళ్ళనే లేదని అతనికి చెప్పడానికి మనసొప్పలేదు. మళ్ళీ తల ముంచి ఇంకా గట్టిగా కొట్టాను. నురగ లేచింది. గట్టు మీదికి నీళ్ళు చిమ్మాయి. తలెత్తాను. హనుమంతు. తల ముంచాను. తలెత్తాను. హనుమంతు. జీవితంలో ఒకే మనిషిని అన్నిసార్లు కొత్తగా చూడటం అదే మొదలు.

ఈలోపు మైకు అందుకుంది.

"నోడ్రి, నోడ్రి, చూడండ్రి! అన్ని ఫ్యామిలీలూ దాటినయ్! లహరి పాప దాటింది, శహబ్బాస్! మేడమ్ దాటిండ్రు, శహబ్బాస్! ఎరువుల అంగడి సార్..." ఇక్కడ మాస్టారి గొంతు కొంచెం తడబడింది. "సార్ ఇద్దల్లే ఇద్దారె!"

అంటే ఉన్నచోటే ఉన్నారని. తెలుగులో చెబితే నాకు బాధ కలుగుతుందని మర్యాద కొద్దీ కన్నడంలో చెప్పారు.

అప్పుడు ఒక కొత్త సమస్య. నేను చిమ్ముతున్న నీళ్ళ చప్పుడు అచ్చం మేత వేసే చప్పుడులా ఉందట. చెరువులో ఉన్న చేపలన్నీ మేత వేళయిందనుకుని నా చుట్టూ చేరాయి. ఒకటి మోకాలి దగ్గర, ఇంకొకటి చంక దగ్గర నన్ను రుచి చూశాయి. నాకు కితకితలు ఎక్కువ. మునగకుండా ఉండటానికి తంటాలు పడుతున్నవాడు కిలకిలా నవ్వితే చూసేవాళ్ళు ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

"సార్ నవ్వుతుండ్రు! మస్తు ధైర్యం!" అన్నారు మైకులో.

"ఒరేయ్ ప్రసాదూ, చేపల్ని బెదరగొట్టకురా!" అని గట్టు మీంచి సత్యం బాబాయి కేకలు.

పచ్చ జెండా నుంచి నారింజ జాకెట్టొకటి నీళ్ళలోకి దిగి, చకచకా నా దగ్గరకు వచ్చింది. లహరి.

"నాన్నా, కాలవలో ఈదినట్టు ఈదు."

"అలాగే ఈదుతున్నానమ్మా."

"మరి కదలట్లేదేంటి?"

"నీళ్ళు కదలట్లేదమ్మా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం నా చెవికి తగల్లేదు. పాఠకులారా, నేను చదివింది బి.ఎస్సీ. భౌతికశాస్త్రం. ప్రవాహ వేగం ఇంత, పడవ వేగం ఇంత, అయితే పడవ ఎంత సేపటికి అవతలికి చేరుతుందన్న లెక్కలు చేసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఇన్నాళ్ళూ కాలువే నన్ను మోసుకుపోయిందని, నేను చేసిందల్లా దాని మీద చేతులు ఆడించడమేనని, నా సొంత వేగం సున్నా అని ఆ లెక్క ఆ రోజు చేపల మధ్యలో తేలింది. నేనే కాదు, ఒక కొబ్బరి డొక్క కాలువలో పడ్డా స్కూటీ కంటే ముందే కింది వంతెనకు చేరుతుంది. డొక్క రొప్పదు కూడా.

"లహరీ, నేను నిలబడిపోనా? ఇక్కడ నా ఛాతీ దాకానే లోతుంది."

లహరి కళ్ళు పెద్దవయ్యాయి.

"నిలబడితే అవుటు నాన్నా! అమ్మా, నేనూ కూడా అవుటు! శిల్ప చూస్తోంది. రేపు నేను బడికి ఎలా వెళ్ళాలి?"

పచ్చ జెండా వైపు చూశాను. మూడో తరగతి మొత్తం వరసగా నిలబడి ఉంది. శిల్ప ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది. "సుళ్ళు" అని అరిచినా బాగుండేది.

"నిలబడనులే అమ్మా. నువ్వెళ్ళు" అన్నాను. లహరి నా వైపు జాలిగా చూసి, వెనక్కి ఈదుకుంటూ వెళ్ళింది. ఎంత అందంగా ఈదుతుందో ఆ పిల్ల! తొట్టిలో కాళ్ళు కడుక్కోవడం అంటే అదేనన్నమాట.

గట్టు మీద సభ జరిగింది. పద్మజ, సత్యం బాబాయి, మాస్టారు. మైకు ఆపడం మరిచిపోయారు కాబట్టి సభా విశేషాలు నాకూ, బజ్జీల బండికీ స్పష్టంగా వినిపించాయి.

"ఆయనకు కాలవలో పారే నీళ్ళలోనే వచ్చండీ. ఇక్కడ నీళ్ళు పారడం లేదు కదా" అంది పద్మజ. నన్ను సమర్థిస్తోందో, సమాధి చేస్తోందో గొంతును బట్టి తెలియలేదు.

"మరి పారిస్తే సరి కదా!" అని లహరి గొంతు. "సత్యం తాతా, ఆ చక్రాలు తిప్పవూ?"

ఆ చెరువుకు రెండు మూలల్లో, తీగ కంచె లోపల, నీళ్ళను చిలికే చక్రాల యంత్రాలు ఉన్నాయి. ఏరియేటర్లంటారు. నీళ్ళలో గాలి తగ్గితే చేపలకు ఊపిరాడదని వాటిని తిప్పుతారు. తిరిగినప్పుడు చెరువు నీళ్ళన్నీ నెమ్మదిగా గుండ్రంగా కదులుతాయి.

"మాస్టారూ, ఇది రూల్సుకు ఒప్పేనా?" అని అడిగాడు బాబాయి.

శరణప్ప మాస్టారు చక్రాల వైపు చూశారు, నా వైపు చూశారు. కబడ్డీలో ఇలాంటి సందర్భం ఎప్పుడూ వచ్చి ఉండదు.

"చక్రం బయటి మనిషి కాదు కద. మిషను. తిప్పండ్రి!"

గుర్రుమని చక్రాలు మొదలయ్యాయి. ముందు నా మోకాళ్ళకు చల్లగా తగిలింది. తర్వాత నడుముకు. ఆ తర్వాత, ఆహా, నాకు బాగా తెలిసిన ఆ పాత తోపుడు! వెంటనే తల ముంచి బారలు మొదలుపెట్టాను. తలెత్తేసరికి హనుమంతు లేడు. ఆ ఆనందం చెప్పలేను. గట్టు పక్కగా, మేత బస్తాలు కట్టిన గుంజల్ని దాటుకుంటూ, చేపల్ని ఓవర్‌టేక్ చేస్తూ దూసుకుపోయాను. పిల్లలు ఈలలు వేశారు. లహరి గెంతింది. శిల్ప చేతులు నడుం మీంచి తీసింది.

పచ్చ జెండా వచ్చింది. చెయ్యి ఊపాను.

పచ్చ జెండా వెళ్ళిపోయింది.

అయ్యా, అప్పుడు గుర్తొచ్చింది నాకు. కాలువలో నేనెప్పుడూ ఆగలేదు. కింది వంతెన దగ్గర గొలుసు ఆపేది. ఇక్కడ గొలుసు లేదు. ప్రవాహాన్ని అడ్డంగా కోసి గట్టు చేరడమనే విద్య నాకు రాదు, ఎందుకంటే అది ఈత, నాకు వచ్చింది ఇంకేదో.

చెరువు చుట్టూ ఒక ప్రదక్షిణ అయ్యాక మళ్ళీ పచ్చ జెండా వచ్చింది. మా దాంపత్య జీవితంలో అతి ముఖ్యమైన సంభాషణ ఆ రోజు విడతలు విడతలుగా జరిగింది.

"ఏవండీ, గట్టువైపు..." అంది పద్మజ. నేను వెళ్ళిపోయాను.

చుట్టూ తిరిగొచ్చాను. "...తిరగండి!" అంది.

"ఎలా?" అన్నాను. వెళ్ళిపోయాను.

చుట్టూ తిరిగొచ్చాను. "ఎలా అంటే ఏంటండీ, చేతులు..." వెళ్ళిపోయాను.

ఆ చేతులు ఏం చెయ్యాలో తెలుసుకోవడానికి ఇంకో చుట్టు తిరిగొచ్చేసరికి ఆవిడ విసిగిపోయి చెప్పడం మానేసింది.

"సార్ మళ్ళొచ్చిండ్రు!" అన్నారు మైకులో. "సార్ మళ్ళీ పోతుండ్రు! ఇంత సేపు ఈదిన మనిషి తాలూకాల లేడు!" అది అక్షరాలా నిజం.

మిగతా కుటుంబాలు సైకిళ్ళు తొక్కి, పరుగెత్తి, బజ్జీలు తినడం మొదలుపెట్టాయి. నేను వాళ్ళ ముందు నుంచి వచ్చి వెళుతున్నాను. ఒకాయన బజ్జీ చూపించి కావాలా అని సైగ చేశాడు.

"బాబాయ్! చక్రాలు ఆపండి!" అని అరిచాను.

ఆపాడు. నేను ఆగిపోయాను, రెండు జెండాలకూ సరిగ్గా మధ్యలో.

"తిప్పండి!" అని అరిచాను.

తిప్పాడు. మళ్ళీ ప్రదక్షిణం. ఈసారి పచ్చ జెండా ముందు ఆపాలని బాబాయి మీట మీద చెయ్యి పెట్టుకుని, ఒక కన్ను మూసి గురి చూశాడు. రెండుసార్లు ముందే ఆపాడు, ఒకసారి తర్వాత ఆపాడు. నీళ్ళు వెంటనే ఆగవు, అవీ నాలాంటివే.

చివరికి, పడవను పచ్చ జెండా దగ్గరకు తెచ్చుకున్న హనుమంతుకు తెలివి తట్టింది.

"మేడమ్, వలేస్తే సరి."

"బయటి మనిషి చెయ్యి పడొద్దు!" అన్నారు మాస్టారు. "మేడమ్ వెయ్యాలె. మేడమ్ వల పట్టుకుంటే ఆ వల ఫ్యామిలీదే."

పద్మజ చున్నీ నడుముకు బిగించింది. విసురు వల అందుకుంది. హనుమంతు నేర్పుతున్నాడు, గాల్లో చేతులు తిప్పుతూ, వల తాకకుండా.

"నడుం తిప్పుండ్రి మేడమ్, గిట్ల... ఆ, ఇప్పుడు ఇడ్వండ్రి!"

మొదటి వల శరణప్ప మాస్టారి మీద పడింది. మైకులోంచి ఒక పెద్ద ఊపిరి వినిపించింది. రెండో వలలో మూడు శీలావతులు పడ్డాయి, నేను పక్క నుంచి నమస్కారం పెట్టుకుంటూ వెళ్ళిపోయాను. మూడోసారి పద్మజ పళ్ళు బిగించి, "కదలని నీళ్ళలో ఈతా అన్నారు కదండీ" అని స్పష్టంగా అంటూ విసిరింది. ఆవిడ మరిచిపోలేదని నాకు తెలిసిన క్షణమది. వల గొడుగులా విచ్చుకుని నా నెత్తిన పడింది.

తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి లాగారు. నేను పచ్చ జెండా దాటాను, బోర్లా, ఒక బొచ్చె చేపతో మొహం మొహం పెట్టుకుని. సత్యం బాబాయి వచ్చి వంగి, వలలోకి పరీక్షగా చూశాడు.

"తొందరపడి పట్టారమ్మా. ఇంకా ఎదగాల్సింది" అన్నాడు.

చేపనే అన్నాడని నేను నిర్ణయించుకున్నాను.

ఆ తర్వాత సైకిళ్ళు తొక్కాం. పరుగెత్తాం కూడా. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నేలకు ఒక మంచి గుణం ఉంది, మనం కాళ్ళాడిస్తే ముందుకు పోతాం, ఆపితే ఆగుతాం. ఇంత మంచి ఏర్పాటును నేను అంతకుముందు ఎన్నడూ మెచ్చుకోలేదు. ముగింపు గీత దగ్గరకు మేము ముగ్గురం చేతులు పట్టుకుని వచ్చేసరికి బజ్జీల బండి వెళ్ళిపోయింది. గీతను కూడా ఎవరో తొక్కి చెరిపేస్తే, మాస్టారు మా కోసం మళ్ళీ సున్నంతో వేశారు. మా మెడల్లో మెడళ్ళు వేశారు. కానీ మూడో తరగతి మాత్రం కదలకుండా అక్కడే ఉంది. తీర్పు వినకుండా ఎవరు పోతారు?

శిల్ప ముందుకొచ్చింది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. లహరి నా వేలు గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దూ, నా డిగ్రీ మౌఖిక పరీక్షలో కూడా అంత భయపడలేదు.

"స్పీడుగైతే ఉన్నడు మీ నాయిన. స్కూటీ కన్న స్పీడే" అంది శిల్ప.

లహరి నా వేలు వదిలింది.

"కానీ బ్రేకులే లేవు కదే!"

మూడో తరగతి అంతా లహరి వైపు తిరిగింది. నా కూతురు గడ్డం పైకెత్తి, మెడలోని మెడల్ సరిచేసుకుని అంది.

"నేను స్పీడని చెప్పాను. బ్రేకులున్నాయని ఎప్పుడైనా చెప్పానా?"

శిల్ప తల ఊపింది. "చెప్పలే" అని ఒప్పుకుంది. కేసు కొట్టేశారు. సోమవారం నుంచి లహరి పక్కన కూర్చోవడానికి ఇద్దరు పోటీపడ్డారు. ఆ పిల్ల మాట నిలబడింది. నేను నిలబడకపోవడం వల్లే అది నిలబడిందని ఇంట్లో ఎవరూ ఇప్పటికీ ఒప్పుకోరు.

ఇక నా సంగతి. పూర్తి స్పృహతో, భార్య సమక్షంలో, కూతురు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో నేను కదలని నీళ్ళలో దిగను. కదిలే నీళ్ళలో గొలుసు లేనిదే దిగను. గుండ్రంగా కదిలే నీళ్ళ దరిదాపులకు కూడా పోను. స్నానం మాత్రం మానలేను కాబట్టి షవరు కింద నిలబడి చేస్తాను. అక్కడ నీళ్ళు పై నుంచి కిందికి ఒకే దిక్కుగా పోతాయి, నేను వాటి వెంట పోవాల్సిన అవసరం లేదు.